మేము వెనక్కి తీసుకున్న ఆమేన్

సహోదరులారా, సహోదరీలారా, మన రక్షకుని నామంలో మీకందరికీ వందనాలు! నా పేరు మార్తమ్మ. కళింగపట్నం రేవులో చేపలు ఎండబెట్టి నరసన్నపేట మార్కెట్లో అమ్ముకునేదాన్ని. నాకు రాయడం రాదు గనక నేను చెబుతుంటే మా పాస్టరమ్మ గారు రాస్తున్నారు. నా భాష దిద్దండి గానీ నా తప్పులు దిద్దకండి అని ముందే చెప్పాను.

సాక్ష్యం అంటే రోగం తగ్గిందని, కాళ్లు వచ్చాయని, కళ్లు వచ్చాయని చెబుతారు, అవన్నీ విని నేనూ చప్పట్లు కొట్టినదాన్నే. నా కొడుకు దానియేలుకి ఏ రోగమూ తగ్గలేదు. వాడికి ముప్పై దాటాయి, పుట్టినప్పుడు ఎలా ఉందో ఆ లోపం ఇప్పటికీ అలాగే ఉంది. విడుదల కలిగింది నాకు, అది కూడా చాలా ఆలస్యంగా కలిగింది.

వాడు పుట్టగానే ఏడవలేదు. మెడ నిలబెట్టడం ఆలస్యం, కూర్చోవడం ఆలస్యం, వాడి ఈడు పిల్లలు బడికి పోతుంటే వీడు గోడ పట్టుకుని నడక మొదలుపెట్టాడు. శ్రీకాకుళంలో ఒక డాక్టరు గారు చూసి, "మెదడు ఎదుగుదల తక్కువమ్మా, దీనికి మందు లేదు, ఓపిగ్గా నేర్పించుకోవాలి, నేర్పిస్తే చాలా నేర్చుకుంటాడు" అన్నారు. అయ్యో, ఆ మాటలో సగమే నేను ఇంటికి తెచ్చుకున్నాను! మందు లేదన్నది చెవిలో పడింది, నేర్పించమన్నది అక్కడే వదిలేసి బస్సెక్కేశాను.

అప్పటి నుంచి ఏ ఊళ్లో స్వస్థత కూడికలు జరిగినా వాణ్ని భుజాన వేసుకుని పరుగెత్తాను, పెద్దవాడయ్యాక చెయ్యి పట్టి లాక్కుపోయాను, ఎందరో దైవజనులు వాడి తల మీద చేతులుంచి గట్టిగా ప్రార్థించారు, వాడు ఆ కేకలకు బెదిరి చెవులు మూసుకునేవాడు, చెవులు మూసుకుంటే దయ్యం కదులుతోందని నేను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. ప్రార్థనను తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోకండి. మొక్కినది నిజమైన దేవుడికే, కానీ నా బిడ్డ ఎందుకు బెదిరిపోతున్నాడో ఒక్కసారి వాడి మొహం చూసి ఉంటే నాకే తెలిసేది.

ఇంట్లో మాత్రం వాడి చేతులు కూడా నావే. అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని, స్నానం చేయించేదాన్ని, గుండీలు పెట్టేదాన్ని, మూతి తుడిచేదాన్ని. గడ్డాలు మీసాలు వచ్చినవాడికి ఇలా చేయడం ప్రేమ అనుకున్నాను. మార్కెట్టుకి పోయేటప్పుడు వాణ్ని లోపల ఉంచి బయట గడియ పెట్టేదాన్ని, తిరిగొచ్చేసరికి తలుపు దగ్గరే కూర్చుని ఉండేవాడు. మా ఆయన కామెర్లతో పోయాక నా భయం రెండింతలైంది. నా కూతురు కరుణని గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసుకునే మంచి కుర్రాడికి ఇచ్చి, వెళ్లేటప్పుడు దానితో, "నీ సంసారం నువ్వు సూసుకో, తమ్ముడి ఊసు నీకొద్దు, ఆడి బరువు నాది" అన్నాను. అది ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకుందనుకున్నాను.

సరే, బరువు నాది అన్నాను గదా, నేను పోతే ఆ బరువు ఎవరిది? ఆ ఒక్క ప్రశ్న నన్ను తినేసింది సహోదరులారా! అన్నం తింటున్నా అదే, చేపలు తిరగేస్తున్నా అదే. చివరికి నేనొక ప్రార్థన పట్టుకున్నాను. తెల్లవారుజామున బుట్ట సర్దుకునే ముందు వాడి చాప పక్కన మోకరించి, "పెబువా, నాకంటే ఒక్క పూట ముందల దానియేల్ని తీసుకెలిపో, నాను ఎనకాతల ఒచ్చేస్తాను" అనేదాన్ని. మీలో ఇలాంటి బిడ్డలున్న తల్లులకు తెలుసు, ఈ ప్రార్థన మనం ఎవరికీ చెప్పం, కానీ చేస్తాం. నేను ఏళ్ల తరబడి చేశాను. వాడు నిద్రలో ఉన్నాడనుకున్నాను, మెలకువగా ఉన్నా వాడికేమి అర్థమవుతుందిలే అనుకున్నాను.

తర్వాత్తర్వాత వాడికొక కొత్త అలవాటు వచ్చింది. పొద్దున్నే లేచి ఆదివారం వేసుకునే చొక్కా, తువ్వాలు, తండ్రి ఫొటో ఒక సంచిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. నేను సంచి లాక్కుని, చొక్కా నలిపేస్తున్నావని తిట్టి, లోపలికి తోసి గడియ పెట్టేదాన్ని. మర్నాడు మళ్లీ సంచి సర్దేవాడు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. మా సంఘంలో స్త్రీల కూడికలో గొలుసు ప్రార్థన ఉంటుంది, మీ దగ్గరా ఉండే ఉంటుంది. వరసగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు రెండు ముక్కలు ప్రార్థించాలి, ఒకరు ముగించగానే అందరూ ఆమేన్ అనాలి, వెంటనే పక్కనున్నవారు అందుకోవాలి. దానియేలు ఎప్పుడూ నా పక్కనే కూర్చునేవాడు, వాడి వంతు వస్తే వాడి కోసం కూడా నేనే ప్రార్థించి దాటించేసేదాన్ని. ఒక శుక్రవారం ఎస్తేరమ్మ గారింట్లో కూడిక. వంటింట్లో పోపులో మిరపకాయలు మాడి నాకు దగ్గు తెర పట్టుకుంది, నోట మాట రావడం లేదు. గొలుసు మా దగ్గరికి వచ్చి ఆగింది. అప్పుడు నా కొడుకు కళ్లు మూసుకుని, చేతులు జోడించి, నేను ఎలా గుసగుసలాడతానో అచ్చం అలాగే ప్రార్థించాడు.

"పెబువా, దానియేల్ని ముందల తీసుకెలిపో. అమ్మ ఎనకాతల ఒచ్చేస్తాది."

అందరూ ఆమేన్ అన్నారు!

ఆమేన్ అనడం మాకు ఊపిరి తీసినంత అలవాటు, మాట ముగిసిందంటే ఆమేన్ వచ్చేస్తుంది, ఏం విన్నామో తర్వాత బుర్రకి ఎక్కుతుంది. ఆమేన్ అన్నాక ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. ఎవరూ తర్వాతి ప్రార్థన అందుకోలేదు. వాడు మాత్రం సంతోషంగా నా వైపు చూశాడు, మొదటిసారి వాడి ప్రార్థనకి అందరూ ఆమేన్ అన్నారు గదా!

ఇంటికొచ్చాక, ఇన్నేళ్లలో అడగని ప్రశ్న ఒకటి అడిగాను. "ఒరే, రోజూ ఆ సంచి సర్దుకుని ఎక్కడికెలతావురా?"

"పెబువు కాడికి," అన్నాడు. "అమ్మ సెప్పింది గదా."

తల్లులారా! నా బిడ్డ చావడానికి రోజూ సంచి సర్దుకుంటుంటే నేను చొక్కా నలిగిందని తిట్టాను! వాడికేమీ అర్థం కాదన్నది ఎవరు? కన్నతల్లినైన నేనే. ఆ మర్నాడు చాలాసేపు మోకరించాను. చివరికి, "పెబువా, నాను అడిగిందేదీ ఇవ్వకు. ఏటి అడగాలో నువ్వే సెప్పు" అన్నాను. నా జీవితంలో నేను ఖాళీ చేతులతో చేసిన మొదటి ప్రార్థన అది, ఆయన దానికి జవాబిచ్చాడు.

జవాబు నా కూతురి నోట వచ్చింది. సంగతి తెలిసి కరుణ గరివిడి నుంచి పరుగున వచ్చింది, నన్ను ఓదారుస్తుందనుకున్నాను, కోపంతో ఊగిపోయింది. "ఆడు నాకు తమ్ముడు కాడేటి అమా? బరువు బరువని నువ్వే అనీసుకున్నావు, నన్ను ఒక్కసారైనా అడిగావేటి? నువ్వు పోయాక నాను ఆడికి ఎవరో తెలీని మనిషిలాగ అన్నం ఎట్టాలేటి?" అంది. నాకు నోరెక్కువని మా రేవంతా చెబుతుంది, ఆ రోజు మాత్రం దాని మాటే నిలిచింది. దాన్ని కాపాడుతున్నానని చెప్పి, తోడబుట్టినవాణ్ని దానికి పరాయివాణ్ని చేసేశాను.

ఇంకొక జవాబు ఎస్తేరమ్మ గారి నోట వచ్చింది. ఆవిడ నాకంటే గయ్యాళి, ప్రేమగా చెబుతున్నాను. మరుసటి శుక్రవారం కూడిక మొదలుపెట్టకుండానే లేచి, "ఓలమ్మా, ఆ దినం మనందరం ఆమేనన్నాం. ఎనక్కి తీసుకోవాల. ఊరికే నోటితో తీసుకుంటే సాలదు, సేతుల్తో తీసుకోవాల" అంది. అందరూ ఏడ్చారు, ఏడ్చి ఊరుకోలేదు, దేవునికి స్తోత్రం! నేను మార్కెట్టుకి వెళ్లే రోజుల్లో వాడు ఎస్తేరమ్మ గారితో రేవులో ఉండేటట్టు మాట్లాడుకున్నారు. సంగతి విని సంఘ పెద్ద ఒకాయన వాణ్ని తనతోపాటు మంగలి షాపుకి తీసుకెళతానన్నాడు. నా తలుపు బయటి గడియ నేనే రాయితో కొట్టి ఊడగొట్టాను.

నరసన్నపేటలో ఇలాంటి పిల్లలకు నేర్పే టీచరమ్మ ఉందని తెలిసి వాణ్ని తీసుకుని వెళ్లాను. ఇంత వయసులో నేర్చుకుంటాడా అని అడిగితే, "వాడు నేర్చుకుంటాడమ్మా, మీరు చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకోండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ అదే అన్నిటికంటే కష్టమైన పాఠం అని తర్వాత తెలిసింది! చొక్కా వేసుకోవడం ఒక పని కాదట, అందులో చాలా చిన్న చిన్న పనులున్నాయట, ఒక్కొక్కటే నేర్పాలట. వాడు కింది గుండీతో కుస్తీ పడుతుంటే నా చేతులు వాటంతట అవే లేచేవి, వాటి మీద నేనే కూర్చునేదాన్ని. అన్నం ఒలకబోసుకుంటే నోరు మూసుకునేదాన్ని. ఇప్పుడు వాడి అన్నం వాడే తింటున్నాడు, స్నానం వాడే చేస్తున్నాడు, ఒక గుండీ పైకీ కిందకీ పెట్టుకుంటే పెట్టుకుంటాడు. రేవులో ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు తిరగేస్తాడు, కాకుల్ని తోలుతాడు, కాకుల్ని తోలడంలో మా అందరికంటే గట్టిగా కేకలు వేస్తాడు. కేకలంటే బెదిరిపోయే నా కొడుకే!

సంతోషంగా చెబుతున్నాను గానీ లోపల నాకు ఏడుపుంది సహోదరులారా. ఆ డాక్టరు గారి రెండో మాట ఆ రోజే ఇంటికి తెచ్చుకుని ఉంటే, వాడు ఆడుకునే వయసులోనే వాడికి రేవు తెలిసేది, స్నేహితులు ఉండేవారు. క్షమించమని వాణ్ని అడిగాను. వాడికి ఆ మాట అర్థమైందో లేదో నాకు తెలియదు, "అన్నమెట్టు" అన్నాడు. దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను, పోయిన ఏళ్లు మాత్రం పోయినట్టే, వాటికి నేను సాకులు చెప్పను.

ఇప్పుడు మేము చేస్తున్న పని ఒకటుంది. నేను లేని రోజును వాడికి కొంచెం కొంచెంగా అలవాటు చేస్తున్నాం. ఒక పూట ఎస్తేరమ్మ గారింట్లో భోజనం, ఒక రాత్రి అక్క ఇంట్లో నిద్ర, తర్వాత ఇంకొన్ని రోజులు. మొదట్లో ఏడ్చేవాడు, నేనూ ఏడ్చేదాన్ని. మొన్న కరుణ ఇంటి నుంచి వాణ్ని తీసుకురావడానికి గరివిడి వెళ్లాను. వాడు మేనకోడలితో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. పోదాం రా నాయనా అన్నాను. తలెత్తకుండానే, "నువ్వెలిపో అమ్మా. నాకు పనుంది. నాను తరవాతొస్తాను" అన్నాడు.

కరుణ నా మొహం చూసి గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. నేను ఒక్కదాన్నే శ్రీకాకుళం బస్సెక్కాను, చీపురుపల్లి దాటినా నా ఏడుపు ఆగలేదు, కండక్టరు ఎవరైనా పోయారా అమ్మా అని అడిగాడు. లేదు నాయనా, ఎవరూ పోలేదు అని చెప్పాను, చెప్పేసి ఇంకా ఏడ్చాను, అవి స్తోత్రం కన్నీళ్లు!

తల్లులారా, తండ్రులారా, మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, నేను చేసిన ఆ ప్రార్థన మీరూ చాటుగా చేస్తుంటే, ఈ రోజే ఆపేయండి. మీ భయాన్ని సంఘం ముందు పెట్టండి, మీ పిల్లల్ని అడగండి, ప్రభువును నమ్మండి, ఆయన నాలాంటి మొండిదానికే నేర్పాడు, మీకు నేర్పడా? ఇది చెబుతున్న ఈ వేళ నా దానియేలు గరివిడిలో ఉన్నాడు, నేను ఇక్కడ కళింగపట్నంలో ఉన్నాను, ఇద్దరం బతికే ఉన్నాం. దేవునికే మహిమ!