జూలై నాలుగున అందరూ సంతకం చేయలేదు

నేను చెప్పిన పాఠంలో ఒక తప్పు ఉండేది. దానిని ఎన్నో ఏళ్లు విద్యార్థుల చేత రాయించాను. వారి చిరునామాలు ఇప్పుడు నా వద్ద లేవు. అచ్చులో ఒప్పుకోవడం తప్ప మరో మార్గం కనిపించక ఇది రాస్తున్నాను.

ఆంధ్రలో ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారున, ఆడమ్స్‌టౌన్‌లో, వైద్యురాలైన మా అమ్మాయి ఇంట ఉంటున్నాను. గత వేసవిలో దగ్గరి గ్రంథాలయంలో వారం వారం అమెరికా చరిత్రపై ఉపన్యాసాలు జరిగాయి. ఒక్కటీ మానకుండా ముందువరుసలో కూర్చున్నాను. ఒక వారం రావలసిన వక్త జబ్బుపడడంతో గ్రంథాలయాధికారిణి నన్ను అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై మాట్లాడమన్నారు.

ఉపన్యాసానికి మిగిలిన ఆ నాలుగు రోజులూ నాకు కుదురు లేదు. పాత నోట్సు పట్టుకొని వంటగదికీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"నాన్నా, కార్పెట్ అరిగిపోతోంది. అద్దె ఇల్లు, లీజులో దాని లెక్క కూడా రాసుంటుంది" అన్నది అమ్మాయి.

ఇక్కడే పుట్టిన మనవరాలు "యూ విల్ బీ గ్రాండ్, తాతయ్యా" అని భుజం తట్టింది. గ్రాండ్ అంటే ఈ ఊళ్లో ఫర్వాలేదని మాత్రమే అర్థం. నాకది చాలలేదు.

మా కళాశాలల్లో పాఠం చెప్పడమంటే నోట్స్ చెప్పడమే. లెక్చరర్ ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు పలకాలి. విద్యార్థులు తల వంచి రాసుకోవాలి. నాకు మరో పద్ధతి తెలియదు. వేదిక ఎక్కి, ఆంగ్లంలో, "శీర్షిక రాసుకోండి. కింద గీత గీయండి" అన్నాను. సభలోనివారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత ఒక పెద్దమనిషి చేతిలోని కరపత్రం తిరగేసి రాయసాగారు. మర్యాదస్తులు కాబట్టి మిగతావారూ పెన్నులు వెతుక్కున్నారు. మనవరాలు మాత్రం వెనుక వరుసలో ముఖం చేతులతో కప్పుకున్నది.

"జూలై నాలుగున ప్రతినిధులందరూ సంతకాలు చేశారు. ఫుల్‌స్టాప్."

రెండోసారి పలకబోతుండగా ఒక వృద్ధురాలి కలం ఆగింది. నా తరగతిలో రాసే చెయ్యి ఆగడం నేనెన్నడూ చూడలేదు.

"ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదండీ. అందరూ ఆ రోజేనా?" అని ఆమె అడిగారు.

"అందరూ. ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న."

"అయితే నేను తప్పుతాను. సంతకం చేసినవాళ్లలో ముగ్గురు ఐర్లండ్‌లో పుట్టారు కదా? ఆ రోజుకి ముగ్గురిలో ఒక్కడూ ఆ ప్రతినిధుల సభలో సభ్యుడే కాదు. మావాళ్లు దేనికైనా ఆలస్యమే!"

హాలు ఘొల్లుమన్నది. "నిశ్శబ్దం!" అన్నాను, అలవాటు కొద్దీ. గ్రంథాలయాధికారిణి అలమారలోంచి పుస్తకం తెచ్చి నా చేతికిచ్చారు. నాలుగున జరిగింది ఆమోదం మాత్రమే. ఎక్కువ సంతకాలు పడింది ఆగస్టులో. ఆ పంక్తులు పైకి చదివి, "మీ నోట్స్‌లో ఆ వాక్యం కొట్టివేయండి" అన్నాను. అందరూ కొట్టివేశారు.

నాలోనిది కొట్టివేయడానికి వీలు కాలేదు. ఆ నోట్స్ మా గురువుగారు నాకు చెప్పినవి; నేను ఏనాడూ పుస్తకంతో సరిచూడలేదు. ఇంటికి వచ్చి తిరుగుతుండగా ఒక జవాబుపత్రం గుర్తుకు వచ్చింది. ఒక విద్యార్థిని "ఆగస్టు" అని రాస్తే ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి, తరగతిలో ఆమెను నిలబెట్టాను.

"లైబ్రరీ పుస్తకంలో చూశాను సార్" అన్నది ఆమె.

"నోట్స్‌లో ఉందా?"

"లేదు సార్" అని కూర్చున్నది. మళ్లీ ఆ సంవత్సరంలో ఏమీ అడగలేదు.

"ఎప్పటి సంగతో నాన్నా, ఆవిడకి గుర్తు కూడా ఉండదు. కాస్త కూర్చోండి" అన్నది మా అమ్మాయి. ఆ కూర్చోవడమే నాకు చేతకావడం లేదు.

ఆ విద్యార్థిని ఇది చదివితే తెలుసుకోవలసినది ఒక్కటే: అమ్మా, మీ జవాబు ఒప్పు, నా గీతలు తప్పు. ఈసారి తేదీలు పుస్తకంలో చూసే రాశాను. అయినా నా జ్ఞాపకం మీద నాకు మునుపటి నమ్మకం లేదు. నా తరగతిలో కూర్చున్నవారి వద్ద ఆ పాత నోట్సు ఇంకా ఉంటే, పుస్తకాలతో పోల్చి చూడండి. అందులో గాని, ఇందులో గాని తప్పు కనబడితే మొహమాటపడకుండా దిద్ది పంపండి. ఎర్ర సిరాతోనే దిద్దండి.