కడిగానని పెట్టిన సంతకం

కేంబ్రిడ్జ్‌లోని ఒక ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో నాకు వారానికి మూడు షిఫ్టులు. ఒక్క ఖాళీ ఉందంటే చాలు, మా కాలేజీ వాళ్లంతా రెజ్యుమేలు పట్టుకుని గేటు దగ్గర నిలబడే రోజులవి. పొద్దున పాల ఐస్‌క్రీం నడిచిన లైన్ మీదే మధ్యాహ్నం మామిడి రసాన్ని గడ్డకట్టించి చేసే సోర్బే నడిచేది. అందులో పాలచుక్క ఉండకూడదు, డబ్బా మీద అలాగే రాసి అమ్ముతారు. అందుకని మధ్యలో గొట్టాలన్నీ విప్పి కడిగి, లోపల దూదిపుల్లతో తుడిచి చూడాలి. పాలు మిగిలుంటే పుల్ల రంగు మారుతుంది.

ఆ రోజు ఒక గొట్టంలో మారింది. మళ్లీ కడిగాను, మళ్లీ మారింది. సూపర్‌వైజర్ అంకుల్ రెండుసార్లు వచ్చి ఇంకా కాలేదా అన్నారు. నాకు ఒళ్లు మండింది. మూడోసారి కడగలేదు. ఆ గొట్టం వదిలేసి, తళతళలాడుతున్న మెషీన్ పై మూత మీద పుల్ల రాశాను. రంగు మారలేదు. కడిగానని కాగితం మీద సంతకం పెట్టేశాను.

షిఫ్టు అయ్యాక మూత సొట్టపడిన సోర్బే డబ్బాలు మాకే ఇచ్చేవారు. అలవాటుకొద్దీ ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాను. కూర్చోలేను, నిలబడలేను. ఫోన్ తీస్తాను, లోపల పెడతాను. ఏమవుతుందిలే, ఎంతుంటుంది, అని పదిసార్లు చెప్పుకున్నాను. నా మొహం! అంత నమ్మకమే ఉంటే పదిసార్లు ఎందుకు?

అద్దె బేస్‌మెంట్‌లో నాతో ఉండే అక్కది కరీంనగర్. పాలు తగిలితే ఆమెకు గొంతు వాచిపోతుంది. ఒకసారి అంబులెన్స్ కూడా వచ్చింది. భయం లేకుండా తినేది మా సోర్బే ఒక్కటే. డబ్బా చూడగానే చెంచా తెచ్చుకుంది.

"తినకక్కా!" అని లాక్కున్నాను.

"ఏమైందే, పిచ్చి లేసిందా నీకు?"

అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చెంచా కింద పెట్టి, "మరి మిగతా డబ్బాలు ఎవరు గుంజుకుంటరే?" అంది.

నిలబడే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఆయన అరవలేదు. లారీ ఇంకా కదల్లేదు, సరుకు ఆపేస్తాను అన్నారు. రేపటి నుంచి రావద్దని కూడా అన్నారు.

"మంచి పని చేసినవ్," అంటూ అక్క వీపు నిమిరింది. ఉద్యోగం పోయిందని బావురుమన్నాను. డబ్బాలు ఆగాయన్న సంతోషం ఆ పూటకి నాకు రానే లేదు.