ఎనిమిది నెలలు ఉతకని ప్యాంటు

కుప్పయ్య పందొమ్మిదేళ్లు కొత్త ప్యాంట్లను పాతవి చేసే పనిలో ఉన్నాడు. ఏర్పేడులో ఈ మాట చెబితే జనం నవ్వేవాళ్లు. ‘కొత్తదాన్ని పాడుజేసేదానికి జీతం గూడా ఇస్తారా అప్పా?’ అనేవాళ్లు.

ఇచ్చేవాళ్లు. సత్యవేడు దాటి తమిళనాడులోకి పోతే అక్కడొక జీన్సు ఫ్యాక్టరీ. కుట్టి తెచ్చిన ప్యాంటును రబ్బరు బొమ్మకాళ్లకు తొడిగి, గరుకు ఉప్పుకాగితంతో గరగరా రుద్దాలి. తొడల మీద అటు మూడు, ఇటు మూడు తెల్లగీతలు రావాలి. మోకాళ్ల దగ్గర రంగు వెలిసిపోవాలి. ఆ పైన నురగరాళ్లతో కలిపి డ్రమ్ములో వేసి తిప్పితే, ఎవడో మూడేళ్లు తొడిగి విడిచినట్టు తయారయ్యేది. నమూనా ప్యాంటొకటి గోడకు కొట్టి ఉండేది. దాన్ని చూసి గీయడమే తప్ప, అది ఎవరిదని ఏనాడూ అడగలేదు కుప్పయ్య.

గోళ్లు నీలమయ్యాయి. దుమ్ముకు దగ్గు పట్టుకుంది. తిరుపతి డాక్టరు, “ఆ పనన్నా మానుకో, ఊపిరన్నా మానుకో” అన్నాడు. ఆ మాట విన్న మర్నాడే భార్య నాగులమ్మ బస్సెక్కి ఫ్యాక్టరీ దగ్గర ఆయనుండే గదికి పోయి, ఆయన సంచి తనే సర్ది ఇంటికి తీసుకొచ్చేసింది. “ఇంక ఆ నీలం నీళ్లు నా గడప తొక్కగూడదు” అంది. అది జరిగి ఆరేళ్లు. అప్పట్నుంచి రైల్వే గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు.

ఒక శనివారం దయానంద్ వచ్చాడు. పైనున్న కాలేజీ క్యాంపస్‌లో ఇంటర్నెట్ కేబుళ్లు వేసే పని అతనిది. చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చే మనిషే. ఆరోజు మాత్రం కోడిగుడ్లు తెచ్చినట్టు ఒక సంచిని రెండు చేతులా పట్టుకొచ్చాడు.

“అన్నా, నువ్వు ముందు జీన్సు ఫ్యాక్టరీలో సేసినావంట గదా. ఇది ఉతికిస్తావా? యాడికి పోయినా మిషన్లో ఏస్తామంటుండారు.”

“ఇంట్లో ఉతుక్కోరాదా?”

“పోయినేడు ఇట్లాంటిదే మాయమ్మ సలసలా కాగే నీళ్లలో సోడా ఏసి నానబెట్టింది. బెత్తెడు పొట్టైపాయ. రంగంతా యెళ్లిపాయ. పాపం, శుభ్రం కావాలనే సేసింది.”

కుప్పయ్య సంచిలోంచి ప్యాంటు తీశాడు. తాటిమట్టలా బిర్రుగా ఉంది. చెమట, పెట్రోలు, ఎర్రమట్టి కలిసిన వాసన కొట్టింది.

“ఎన్నాళ్లయింది నీళ్లు తగిలి?”

“కొన్నప్పట్నుంచీ తగల్లా. ఎనిమిది నెలలు.” దయానంద్ కొంచెం సిగ్గుపడ్డాడు. “రంగేసినాంక ఉతకని గుడ్డన్నా ఇది. ఎవురు తొడిగితే వాళ్ల ఒంటికి తగినట్టు అదే అరుగుతాది. అందుకే ఇన్నాళ్లు ఓర్సుకున్యా.”

కుప్పయ్య ప్యాంటును ఇస్త్రీ బల్ల మీద పరిచాడు. తొడ మీద తెల్లగీతలు ఉన్నాయి. కానీ అటు మూడు, ఇటు మూడు లేవు. కుడివైపు రెండే, ఎడమవైపు అయిదు, అందులో ఒకటి వంకరగా జేబులోకి పోయింది. ఎడమ మోకాలు బాగా వెలిసింది, కుడిది ఇంకా నల్లనీలంగానే ఉంది. ముందు జేబు మీద ఫోను అంచు అచ్చుపడింది. ఆయన చాలాసేపు ఆ గీతల మీద వేలు పెట్టి జరుపుతూ ఉండిపోయాడు. లక్ష ప్యాంట్లకు గీసి ఉంటాడేమో, అసలైనవి చూడడం ఇదే మొదలు.

“ఎడం మోకాలు నేలకానించి పని సేస్తావు గదా నువ్వు?”

“ఎవురు సెప్పినారన్నా?”

“ఎవురూ సెప్పలా.” కుప్పయ్య ప్యాంటు మడిచి పక్కన పెట్టుకున్నాడు. “బుధారం రా.”

ఇంటికి పోయేసరికి నాగులమ్మ సంచి తెరిచి చూసింది.

“ఏందయ్యా ఇది? మళ్లా మొదులుపెడ్తివా?”

“మిషన్ లేదు మే, దుమ్ము లేదు, రుద్దేది లేదు. ఒక బకెట్ నీళ్లు, అంతే.”

“ఆ నీళ్లు యాడ పోస్తావు? నా కరేపాకు సెట్టుకు పోసినావంటే సూడు.”

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. గుండీలన్నీ పెట్టి, ప్యాంటును లోపలిది బయటికి తిప్పాడు. పెద్ద బేసిన్లో చన్నీళ్లు పోశాడు. సబ్బు పొడి వద్దనుకొని, నాగులమ్మ తలంటుకని నానబెట్టిన కుంకుడు రసం ఒక గ్లాసు అడిగి తీసుకున్నాడు. ప్యాంటును మడతపడకుండా పరిచి, పైకి తేలకుండా చేతులతో అదిమి పట్టాడు. నీళ్లు మెల్లగా నీలం తిరిగాయి. అప్పట్లో ఫ్యాక్టరీ కాలవ నిండా పారేది ఈ నీలమే. ఇప్పుడేమో బేసినంతే ఉంది, కుంకుడు వాసనేస్తోంది. దగ్గు రాలేదు.

ముక్కాలుగంట నాననిచ్చి, రుద్దకుండా అటూ ఇటూ ఆడించి, నీళ్లు కరేపాకు చెట్టుకు దూరంగా పారబోశాడు. మళ్లీ మంచినీళ్లలో ముంచాడు. మూడోసారి ముంచినా నీళ్లు నీలంగానే వచ్చాయి. నాగులమ్మ చీర చెక్కుకొని వచ్చి కూర్చుంది.

“తెల్లనీళ్లు వొచ్చేదాకా జాడించొద్దా? ఇట్ల తియ్, నేను పిండి ఆరేస్తా.”

“పిండొద్దు! పిండితే కొత్త మడతలు పడతాయి. ఈ నీలం ఇప్పట్లో తీరేది గాదు. మురికి పోయింది, సాలు.”

“ఉతికేది ఇదేం పద్ధతి!” అంటూనే ఆమె ప్యాంటు రెండో కాలు పట్టుకుంది. నీళ్లు కారుతున్న ప్యాంటును ఇద్దరూ మోసుకుపోయి, పెరట్లో నీడపట్టున నడుముపట్టీకి క్లిప్పులు పెట్టి వేలాడదీశారు.

అప్పుడు చూసింది నాగులమ్మ, ఆయన గోళ్లు నీలంగా ఉన్నాయి. లోపలికి పోయి చింతపండు తెచ్చి, ఆయన చేతిని ఒళ్లో పెట్టుకొని ఒక్కో గోరూ రుద్దింది. సగం పోయింది, సగం పోలేదు.

“నీకు ఆ పని మీద ఇంకా మనసుండాదా?” అని అడిగింది.

“పని మీద గాదు మే,” అన్నాడు కుప్పయ్య. గోళ్ల వైపు చూసుకుంటూ, “ఆ గోడ మీది నమూనా గూడా ఇట్ల ఎవుడో తొడిగి అరగదీసిందే. అన్నేండ్లు నేను గీసింది ఎవుడో ఒకడి బతుకును సూసి గీసిందేనని ఇప్పుడు తెల్సింది. మంచిదే అనిపిస్తాండాది” అన్నాడు. నాగులమ్మకు సగమే అర్థమైంది గానీ, చెయ్యి మాత్రం వదల్లేదు.

బుధవారం దయానంద్ బండి వెనక గోనెపట్ట చాటున తొడిగి చూసుకున్నాడు. గుండీ పడలేదు. అతని ముఖం మాడిపోయింది.

“అన్నా, ఇదీ కుంచించుకుపాయ!”

“గాబరా పడొద్దు. ఊపిరి బిగబట్టి గుండీ పెట్టుకొని, నాలుగు గుంజీలు తియ్.”

బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూసి నవ్వుతున్నా దయానంద్ గుంజీలు తీశాడు. ఎనిమిదో గుంజీకి గుడ్డ వదులైంది. గీతలన్నీ ఎక్కడివక్కడే, ముందుకన్నా తేటగా ఉన్నాయి. కుడి మోకాలి దగ్గర దాగి ఉన్న లేతనీలం బయటపడింది. అతను వంగి వంగి చూసుకుంటూ, “మాయమ్మకు నేర్పిస్తావా అన్నా?” అని అడిగాడు.

తర్వాతి ఆదివారం కుప్పయ్య, నాగులమ్మ ఇద్దరూ దయానంద్ ఇంటికి పోయారు. వాళ్లమ్మ ప్రసన్నకుమారి చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది. పోయినేటి పొట్టి ప్యాంటును ఇంకా పారెయ్యకుండా బీరువాలో దాచింది. అది చేతిలో పట్టుకొని, “నావల్లనే సెడిపోయిందన్నా” అంటే, కుప్పయ్య దాన్ని తిప్పి చూసి, కింద రెండంగుళాలు మడత విప్పి కుట్టిస్తే కొంతకాలం పనికొస్తుందన్నాడు. ఆమె అప్పటికప్పుడే కత్తెర వెతికింది. ఆడవాళ్లిద్దరూ గుమ్మంలో కూర్చొని దారాలు పీకుతూ, కుంకుళ్లు యాడ చవకో మాట్లాడుకుంటుంటే, కుప్పయ్య దయానంద్ తెచ్చిన టీ తాగుతూ వింటూ కూర్చున్నాడు.