మూడో పెడల్

మా తమ్ముడికి నేనంటే ప్రాణం. పామిడిలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. నా బుద్ధి గడ్డితిని నేనూ చాలా ఏళ్లు అదే చెప్పుకుని తిరిగాను.

నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. ఇనుప పట్టీలు బిగించిన బూటు లేకుండా గడప దాటలేను. కారు క్లచ్ తొక్కడం ఈ జన్మకు నా వల్ల కాదు. అందుకే మా నాయన బట్టల కొట్టుకు సరుకు కోసం బెంగుళూరు పోయినప్పుడల్లా వెతికి వెతికి, ఒక పెద్దాయన దగ్గర పాత విదేశీ కారు కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చ రంగు, పొడుగాటి మూతి. నేను పుట్టకముందు తయారైన బండి. దానికి క్లచ్ లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది. బ్రేకు, ఆక్సిలరేటరు, అంతే. రెంటికీ నా కుడికాలు చాలు. ఊళ్లోవాళ్లు దాన్ని గేర్లు లేని బండి అని నవ్వేవాళ్లు. నవ్వుకోనీ, నాకేం!

వారమంతా కొట్లో కూర్చుని చీరలు విప్పి చూపడం, మడిచి పెట్టడం. ఏ పనికైనా ఎవరో ఒకరు నన్ను లేపాలి, పట్టుకోవాలి. కారెక్కితే మాత్రం ఎవరి చెయ్యీ అక్కర్లేదు. తాళం తిప్పితే నేను అందరిలాంటి మనిషినే.

కిందటి ఎండాకాలంలో కారు మొరాయించింది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. తమ్ముడు చూసి, "నువ్వు దిగులు పడొద్దక్కా, అనంతపురంలో తెలిసిన మెకానిక్ ఉండాడు, నేను చూసుకుంటా" అన్నాడు. లారీకి కట్టి తీసుకుపోయాడు. నెలలు గడిచాయి. ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "పాత బండి కదక్కా, సామాన్లు యాడ దొరుకుతాయి?" పాపం, నా కోసం ఎంత తిరుగుతున్నాడో అనుకుని, కొత్త సరుకులో మంచి చొక్కా గుడ్డ కనపడితే వాడికని తీసి పక్కన పెట్టేదాన్ని.

ఆయుధపూజ రోజు కారు ఇంటికొచ్చింది. కడిగి, బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా ఇంట్లో ఆ నిమ్మకాయలు తొక్కించేది ఎప్పుడూ నేనే. మరదలు హారతి పళ్లెం పట్టుకుంది. తమ్ముడి స్నేహితులు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. నాయన మాత్రం మోకాళ్ల నొప్పులని బయటికి రాలేదు. తమ్ముడు ఎడమవైపు తలుపు తీసి, "ఈ పక్క కూర్చో అక్కా" అన్నాడు.

"నీకేమన్నా పిచ్చా? నిమ్మకాయలు తొక్కించొద్దా?" అంటూ నేను కుడివైపు పోయి కూర్చున్నాను.

మొదట కనపడింది గేరు రాడ్డు. నున్నటి నల్ల గుండు, దాని మీద అంకెలు. తర్వాత కిందికి చూశాను. మూడు పెడల్స్ ఉన్నాయి. మూడోది ఎడమ చివర, సరిగ్గా నా బూటుకు ఎదురుగా, కొత్త రబ్బరుతో మెరుస్తోంది.

"ఇదేందిరా?"

"క్లచ్ అక్కా. ఆ పాతదాన్ని పీకేసి మామూలు గేర్లు పెట్టించినా. ఇట్లాంటిదే ఇంకో బండిలోంచి తెచ్చినారు. ఇంక చూడు, బండి అందరికీ పనికొస్తాది."

"అందరికీ అంటే ఎవురెవురికిరా?"

స్నేహితుల్లో ఒకడు, "ఇప్పుడైందన్నా మగోని బండి" అన్నాడు. ఇంకొకడు ఈల వేశాడు. దిగబోతుంటే నా బూటు ఆ పెడల్ కింద ఇరుక్కుంది. రెండు చేతులతో కాలు పట్టుకుని లాక్కున్నాను. అది కూడా వీడియోలో పడింది. తమ్ముడు నా సీట్లో కూర్చుని నిమ్మకాయలు తొక్కించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు మెకానిక్‌కు ఫోన్ చేశాను. పాత గేర్‌బాక్స్ అసలు బాగుకాదా అని అడిగాను.

"బాగయ్యేదేనమ్మా. ఒక సీలు పోయి ఆయిలు కారిపోయింది, అంతే. అన్ననే మార్చమన్నాడు. మా అక్క ఇంక బండి నడపదు అని చెప్పినాడే?"

నడపదట! నేను బండి నడపడం మానేసిన సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

ఒళ్లు మండిపోయింది. వాడిని నాలుగు దులపమని చెప్పడానికి నేరుగా నాయన దగ్గరికి పోయాను. ఆయన వసారాలో పేపరు ముందేసుకుని కూర్చున్నాడు. మెకానిక్ అన్న మాటలన్నీ చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా నాయనా?"

"వాడు అడిగినాడమ్మా. సరే అన్నా."

"నా కోసమని తెచ్చింది నువ్వే కదా!"

"నేనుండాను కాబట్టి తెచ్చినా. నేను పోయినాక నువ్వు ఉండాల్సింది వాని దగ్గరే కదా తల్లీ. వానికి నచ్చినట్ల చేస్తే నిన్ను బాగ చూసుకుంటాడని అనుకున్నా. నువ్వు యాడికి పోవాలన్నా వాడే తీసకపోతాడు."

తమ్ముడు చేసిన పనిని ద్రోహం అనడానికి నాకు నోరొచ్చింది. నాయన చేసిన దానికి ఏం పేరు పెట్టను? నన్ను కాపాడాలనే, ఉన్న ఒక్క కాలూ విరిచి వాడి చేతిలో పెట్టాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉండాది నాయనా" అని వీధికి వినపడేలా అరిచాను. ఏడ్చాను కూడా. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

తమ్ముడు నాయన మాట నిలబెట్టాడు. ఆ ఆదివారం కారు వాకిట్లో ఆపి, తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా అక్కా. యాడికి పోదాం, చెప్పు."

చెబుదామని నోరు తెరిచాను. అనంతపురంలో నాకేం పని? గుత్తిలో ఎవరున్నారు? ఇన్నేళ్లూ కారు తీసినప్పుడు ఎటు తిప్పుతానో పెన్న వంతెన దాటేదాకా నాకే తెలిసేది కాదు.

"ఊరికే" అన్నాను.

"ఏ ఊరికక్కా?"

వాడు ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు. తలుపు అలాగే పట్టుకుని, నేను ఏదో ఒక ఊరి పేరు చెబుతానని ఎదురుచూస్తున్నాడు. చెప్పడానికి నా దగ్గర ఏ ఊరూ లేదు.