వదిన పాత అయస్కాంతం

మా వదిన ఇరవై రెండేళ్లుగా కీళ్లవాపుకి మందు కనిపెడుతోంది. కనిపెడుతూనే ఉంది. ఇప్పటికి ఆరువందల పైచిలుకు కొత్త పదార్థాలు చేసింది. ఎలుకలు ఒక్కదాన్నీ మెచ్చలేదు. "ల్యాబులో మిల్లీగ్రాముల్లో తూస్తుందట, ఇంట్లో ఉప్పు మాత్రం గుప్పెడు పోస్తుంది, ఎవరితో చెప్పుకోను?" అంటాడు మా అన్నయ్య.

నేను అదే ల్యాబులో గాజుసామాను స్టోరు చూస్తాను. ఆడపడుచునని వదినకు ఒక్క ఫ్లాస్కు కూడా ఎక్కువివ్వను. ఆ సంగతి ఆవిడే ఊరంతా చాటుతుంది.

ఈమధ్య ఆవిడ పంట పండింది. మందు తయారీలో రెండు ముక్కల్ని అతికించే మెట్టు ఒకటుంది. దానికి పల్లాడియం అనే ఖరీదైన లోహం పడాల్సిందే, పడ్డాక దాన్ని పూర్తిగా వదిలించేసరికి ప్రాణం పోతుంది. అలాంటిది, లోహం చిటికెడైనా వెయ్యకుండా వదిన ఫ్లాస్కులో ఒక్క పూటలో పని ముగిసింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అయింది. మా ల్యాబు పెద్దసారు గాల్లో తేలిపోయారు.

పక్కబల్ల కెమిస్టుకు మేం చాటుగా పెట్టుకున్న పేరు భూతద్దం. అతను అదే పని నాలుగుసార్లు చేశాడు. ఏమీ కాలేదు. "రాసినంత తేలిగ్గా జరగట్లేదు మేడమ్" అన్నాడు అందరూ వినేలా. గురువారం సాయంత్రానికల్లా వదిన ఫలితాలు అల్లిందని క్యాంటీన్లో ఒకటే గుసగుసలు. నాకు ఒళ్లు మండిపోయింది. సోమవారం తన కళ్లముందు చేసి చూపించమన్నారు పెద్దసారు. కాకపోతే ఇరవై రెండేళ్ల పేరు మట్టిలో కలిసినట్టే.

సోమవారం వదిన భూతద్దం బల్ల దగ్గరే, అతని సామానుతోనే చేసింది. సాయంత్రమైనా ఏమీ కాలేదు. వదిన ముఖం పాలిపోయింది. భూతద్దం దగ్గి ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"వదినా, నీ బీడ్ ఏది?" అన్నాను.

ఫ్లాస్కు అడుగున గిరగిరా తిరుగుతూ ద్రావణాన్ని కలిపే చిన్న అయస్కాంతాన్ని మేం బీడ్ అంటాం. వదిన బీడ్ మీది తెల్లపూత గీతలుపడి నల్లబడిపోయింది. ఎనిమిదేళ్ల కిందట నేను చెత్తలో వేయబోతే లాక్కుంది. నల్లబడితే అందరూ ఆసిడ్‌లో కడుగుతారు, ఈవిడ మాత్రం అసిటోన్‌తో సుతారంగా తుడిచి కోటు జేబులో దాచుకుంటుంది.

మర్నాడు అదే బల్ల మీద, అదే ఫ్లాస్కులో ఆ నల్లదాన్ని వేసింది. టీ వేళకి పని పూర్తయింది. పెద్దసారు చప్పట్లు కొట్టారు. భూతద్దం క్షమించమన్నాడు. "ఇప్పుడేమంటారు?" అని నేను తిరిగినచోటల్లా అడిగాను.

వదిన మాత్రం నవ్వలేదు. బీడ్‌ను పట్టకారుతో తీసి ఘాటు ఆసిడ్‌లో నానేసింది. పొద్దున్నకి అది తెల్లగా బయటికొచ్చింది. దానితో మళ్లీ చేస్తే ఏమీ కాలేదు. ఏళ్ల తరబడి వాడిన పల్లాడియమే ఆ గీతల్లో ఇరుక్కుని, కంటికి కనబడకుండా పని చేసిపెట్టింది. "లోహం అక్కర్లేదని రాశాను, అది తప్పు" అని నోటుబుక్కులో తేదీ వేసి రాసి పెద్దసారు చేతిలో పెట్టింది. ఆయన ముఖం చూడాలి, పీటల మీద పెళ్లి ఆగిపోయినట్టుంది.

వదిన స్టోరుకు రాగానే విరుచుకుపడ్డాను. "అందరూ నమ్మాక మళ్లీ ఆ ఆసిడ్ స్నానం ఎందుకు చేయించావు? నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"అందరూ అంటే?"

"సారు, భూతద్దం, క్యాంటీన్లో ఉన్నవాళ్లంతా."

"నువ్వు?"

నేను రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పసాగాను.

"శుక్రవారం నా నోటుబుక్కు సొరుగులో తలకిందులుగా ఉంది. ఆ సొరుగు రెండో తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది" అంది వదిన, కోపమేమీ లేకుండా. "దిద్దుబాట్లేమైనా దొరికాయా?"

ఒక్కటీ దొరకలేదు. దొరుకుతాయేమోనని ప్రతి పేజీ వెలుతురుకు పెట్టి మరీ చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయింది వదినా. నిన్ను నమ్మలేదు" అన్నాను తలెత్తకుండా.

"నేను మాత్రం నన్ను నమ్మానా? అందుకేగా ఆసిడ్‌లో వేశాను" అంది. కొత్త బీడ్ ఒకటి ఏరుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోయింది.