దర్వాజాలో ఇరుక్కున్న సింహాసనం

నేను రాజును. ఆఫీసులో కాదు, అక్కడ ఫైళ్లకు దారాలు కట్టే గుమాస్తాను. ఏడాదికి ఒక్కసారి, బోనాలకు ముందు రోజు సాయంత్రం, ఛత్రినాకలో మా గల్లీ మధ్య పరిచిన చెక్కల స్టేజీ మీద మాత్రం రాజును. గొంతు దేవుడిచ్చాడు, ఒళ్లు మా ఆవిడ వంట ఇచ్చింది. రాజన్నవాడు ఆ మాత్రం నిండుగా ఉండాలని నేను వాదించేవాణ్ని, మా మేష్టారు కాదనేవారు కాదు. ఆయన పగలు బడిలో తెలుగు చెప్పి, సాయంత్రాలు హార్మోనియం ముందేసుకుని మాకు పద్యాలు నేర్పేవారు. నాటకం కూడా ఆయనే రాసేవారు.

ఇది డెబ్బైల చివరి మాట. అంతకు ముందటేడు ఏం జరిగిందో ముందుగా చెప్పాలి, చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా. ఆ ఏడు సింహాసనాన్ని కిరాయికి తెచ్చారు. పైన బంగారు కాగితం తళతళలాడుతోంది, లోపల ఉన్నది చెక్కో అట్టో ఎవరూ తడిమి చూడలేదు. నేను ఠీవిగా వచ్చి, మీసం దువ్వి, పద్యం ఎత్తుకుంటూ కూర్చున్నాను. రాగం పైకి పోయింది, నేను కిందికి పోయాను. కిరీటం దొర్లుకుంటూ వెళ్లి మేష్టారి హార్మోనియం దగ్గర ఆగింది. గల్లీ మొత్తం ఒక్క గొంతుతో "వన్స్ మోర్" అంది.

పద్యనాటకాలు చూసినవాళ్లకు ఆ మాట విలువ తెలుసు. పద్యం బాగా పండితే జనం వన్స్ మోర్ అంటారు, నటుడు మళ్లీ మొదటి నుంచి పాడాలి. మాకు జీతమైనా బిరుదైనా అదే. అన్నేళ్లలో నా పద్యాలకు ఒక్కసారి కూడా దక్కని వన్స్ మోర్, నేను పడిపోయినందుకు దక్కింది.

ఇక ఆ ఏడాదంతా నాకు కూర్చోవడమే కష్టమైపోయింది. చాయ్ హోటల్లో కుర్చీ లాక్కుంటే గల్లా మీద భాయ్ "సంభల్‌కే బైఠో సాబ్" అని జాగ్రత్త చెప్పేవాడు. బస్సులో సీటు దొరికితే కండక్టరు మూతి బిగించి నవ్వు ఆపుకునేవాడు. మా ఆవిడ భోజనానికి పీట వాల్చి, పీట వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసేది. పైకి నేనూ నవ్వేవాణ్ని గానీ, లోపల చాలా బాధగా ఉండేది. వచ్చే ఏడు మొహానికి రంగు పూసుకోనని మేష్టారితో చెప్పేశాను.

ఆ మాట వినగానే రోషం తెచ్చుకున్నవాడు మా ఎదురింటి తమ్ముడు. వరసకే తమ్ముడు, చుట్టరికం లేదు. కంచన్‌బాగ్‌లో ఒక కార్ఖానాలో వడ్రంగి. అక్కడ కరిగిన లోహాన్ని మట్టి అచ్చుల్లో పోసి సామాన్లు తయారుచేస్తారు. ఆ అచ్చు తీయడానికి ముందుగా అదే సామానును కర్రతో చేసి ఇవ్వాలి. అది ఇతని పని. పనిమంతుడే, వినయం మాత్రం ఏ కోశానా లేదు.

"అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. గీసారి కుర్సీ నేను చేస్త. ఏనుగొచ్చి కూసున్నా కిర్రుమనది" అన్నాడు.

"నడుమల ఏనుగెందుకొచ్చింది?" అన్నాను.

"మాట వరసకన్న అన్నా."

నేను మళ్లీ రాజునయ్యాను. వానాకాలం కాబట్టి సింహాసనం పని వాళ్లింటి ముందుగదిలోనే మొదలైంది. మిషన్లు వచ్చే పెద్ద పెట్టెల కర్ర ఎక్కడినుంచో కొనుక్కొచ్చాడు. ఒక్క మేకు కూడా ముట్టలేదు. కర్రలో కర్ర దింపి, జిగురు పూసి, కర్ర చీలలే కొట్టాడు. కాళ్లు చూస్తే ఇంటి దూలాలకు సరిపోయేలా ఉన్నాయి. చేతులు ఆనించుకునే చోట రెండు సింహం తలలు చెక్కాడు. ఒకటి అచ్చం సింహమే. రెండోది మా ఆఫీసు సూపరింటెండెంటు. ఆ మాట నేనే అన్నాను, దానికి అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆఫీసు నుంచి వస్తూ రోజూ తొంగి చూసేవాణ్ని. "ఒక్కసారి కూసోని సూడు అన్నా" అని రోజూ అడిగేవాడు. నాటకం రోజు తప్ప కూర్చోకూడదని నాకో పట్టింపు ఉందని చెప్పేవాణ్ని. పట్టింపు లేదు, పాడూ లేదు. నాకు భయం.

అతనూ వాళ్లమ్మా, ఆ ఇంట్లో ఇద్దరే. ఆమెను గల్లీ అంతా పెద్దమ్మ అనేది. జాకెట్లు కుట్టేది. కొలతల టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది. పెద్ద సామాను చేస్తున్నావు, బయటికి ఎలా పోతుందిరా అని ఆమె మొదటిరోజే అడిగింది. అతను ఆమె మెడలోని టేపు తీసుకుని దర్వాజా కొలిచి చూపించాడు.

"దర్వాజ ముప్పై అంగుళాలు. కుర్సీ ఇర్వై తొమ్మిదిన్నర చేస్తున్న. సాఫ్‌గ ఎల్లిపోతది. మాది లెక్కల పనమ్మా, అందాజ పని కాదు."

నాటకం రోజు మధ్యాహ్నం అందరం చేరాం. మర్నాడు బోనాలు. గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది, పైన మామిడాకులు కట్టి ఉన్నాయి. గడపకు కర్ర తగిలితే ఊరుకోనని పెద్దమ్మ ముందే చెప్పింది. అందుకని గడప మీదుగా అరుగు మీదికి ఏటవాలుగా ఒక వెడల్పు పలక వేశాం. సింహాసనాన్ని దాని మీదికెక్కించి, లోపలినుంచి కొందరు, బయటినుంచి కొందరు పట్టాం. బరువు సంగతి అప్పుడు తెలిసింది. ముందు కాళ్లు బయటికొచ్చాయి. సింహం వచ్చింది, సూపరింటెండెంటు వచ్చాడు. వెనకభాగం దగ్గర ఆగిపోయింది.

"నూకుర్రి" అన్నాడు తమ్ముడు.

నూకాం. అదే మేం చేసిన పొరపాటు. సింహాసనం ఇంకో నాలుగు వేళ్లు కదిలి, దర్వాజా చట్రంలో బిగుసుకుపోయింది. ఆ తర్వాత ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు.

తమ్ముడు టేపు తెచ్చి కొలిచాడు. దర్వాజా ముప్పయ్యే. సింహాసనం ముప్పై కన్నా ఒక గోరంత ఎక్కువుంది. నమ్మలేక తన ఇనుప స్కేలు తెప్పించి టేపు పక్కన పెట్టాడు. రెండింటి మొదలు కలిపి పట్టుకుంటే చివరలు కలవడం లేదు.

"అన్నా, కరిగిన లోహం సల్లారితే జర గుంజుకుంటది. గందుకని కర్రతోని చేసేది జర పెద్దగనే చేస్తం. మా స్కేల్ల అడుగుకు పావంగుళం ఎక్కువుంటది."

"గా స్కేల్‌తోని చేసినవా కుర్సీ?"

"చెయ్యికి అలవాటైంది అన్నా."

"మరి గీ కుర్సీ ఎప్పుడు సల్లారతది తమ్మీ?"

అందరూ నవ్వారు, అతను కూడా నవ్వబోయాడు. అంతలో వెనక పెరటి సందులోంచి చుట్టూ తిరిగి పెద్దమ్మ వచ్చింది. చట్రం ఊడదీద్దామని ఎవరో అంటే, ఆ అన్న మనిషిని ఒక్క చూపు చూసింది.

"ఆషాఢంల దర్వాజ ఊడదీస్తరా? రేపు బోనం ఎత్తుకొని నేను గీ గడపల్నించే దిగాలె. నా పెండ్లయిన సంది గట్లనే దిగుతున్న. పెరటి సందులకెళ్లి అమ్మవారి బోనం పోతదా?"

కేకలేం వెయ్యలేదు. ఆ మాట చెప్పి, వచ్చిన దారినే లోపలికి పోయింది. కేకలు వేసినా బాగుండేది. తమ్ముడి మొహం పాలిపోయింది. కోద్దామంటే బిగిసిన చోట రంపం పట్టే సందు లేదు. అతన్ని ఆటపట్టిద్దామని రెండు మూడు మాటలు నా నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి, కానీ ఆ మొహం చూశాక అనబుద్ధి కాలేదు.

మేష్టారు మాత్రం అరుగుకు ఎదురుగా నిలబడి ఆ దర్వాజానే చూస్తున్నారు. పైన మామిడాకులు, పక్కల పసుపు, మధ్యలో సింహాసనం.

"నా నాటకానికి గింత మంచి దర్బారు ఎన్నడన్న దొరికిందా? స్టేజీ చెక్కలన్నీ గిటు తెండ్రి. ముందుగాల ఆట కానిద్దాం, బోనం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

దీపాలు పెట్టే వేళకు జనం కిక్కిరిసిపోయారు. ముందటేడు రానివాళ్లు కూడా వచ్చారు. వాళ్లు ఎందుకు వచ్చారో నాకు తెలుసు. ఒకాయన తన వియ్యంకుణ్ని కూడా వెంటబెట్టుకొచ్చి, సింహాసనం బాగా కనిపించే చోట చాప వేయించాడు.

నేను ప్రవేశించాను. మీసం దువ్వాను. అరుగంతా రెండు చుట్లు తిరిగాను. మంత్రి "ప్రభువులు ఆసీనులు కావాలి" అన్నాడు. ఇంకో చుట్టు తిరిగాను. మంత్రి మళ్లీ అన్నాడు, ఈసారి కొంచెం కోపంగా. ఇక తప్పదని సింహాసనం అంచు మీద సగం ఆనాను. చప్పుడు లేదు. మెల్లగా పూర్తిగా కూర్చున్నాను. అది కిర్రుమని కూడా అనలేదు. జనంలోంచి చిన్న నిట్టూర్పు వినిపించింది. వియ్యంకుడుగారు ఇంతేనా అన్నట్టు పక్కకు చూశారు.

నాకు ఒళ్లు మండింది. పద్యం పక్కన పెట్టి లేచి నిలబడి, ఉన్న బరువంతా వదిలేసి దబ్బున కూలబడ్డాను. సింహాసనం చెక్కుచెదరలేదు. గల్లీ గొల్లుమంది. వెనకనుంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. మళ్లీ లేచి మళ్లీ పడ్డాను. "వన్స్ మోర్" ఈసారి అందరూ అన్నారు. మేష్టారు హార్మోనియం మీద నాకోసం ఒక దెబ్బ కూడా కలిపారు. ఆ ఊపులో ఇంకాస్త ఎగిరి పడ్డాను.

దర్వాజా చట్రం ఫట్‌మంది. సింహాసనం బిగి వదిలి, నాతో సహా పలక మీదుగా జర్రున జారి, అరుగు చివర ఆగింది. కిరీటాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఇంకా కూర్చునే ఉన్నాను. తెర పక్కనుంచి తమ్ముడు పరుగెత్తుకొచ్చి ముందు కాళ్లు తడిమాడు, తర్వాత సింహాన్ని తడిమాడు.

"కుర్సీకేం గాలె" అన్నాడు జనం వైపు తిరిగి.

"నాకు గుడ ఏం గాలె తమ్మీ" అన్నాను.

అప్పుడు నా వెనక, ఖాళీ అయిన దర్వాజాలోంచి పెద్దమ్మ వచ్చింది. ఒక చేతిలో పసుపు గిన్నె. నిండు సభ, దీపాలు, మంత్రి, సేనాపతి, ఎవరినీ పట్టించుకోలేదు. పలక పక్కకు లాగి, చట్రం ఎక్కడా చీలలేదని అటూ ఇటూ చూసి, గడప మీద పసుపు చెదిరిన చోట మళ్లీ అద్దింది. కుడికాలు ముందు పెట్టి గడప దిగి చూసుకుంది. ఆమెకు దారి ఇవ్వడానికి నేను లేచి పక్కకు నిలబడ్డాను. ఆమె వచ్చి సింహాసనం మీద కూర్చుంది.

"అమ్మా, గది రాజుగారి కుర్సీ" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"ఇప్పటిదాంక రాజు ఈపే సూసిన. ఇగ మొఖం సూస్త. పాడనియ్యి" అంది.

ఆమెను లేవమనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. కథలో రాజు తన తమ్ముడికి రాజ్యం అప్పగించి అడవికి పోతాడు. తమ్ముడి వేషం వేసినతను కాసేపు అటూ ఇటూ చూసి, పెద్దమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. చివరి పద్యం నేను నిలబడే పాడాను. కింద ఏం విరుగుతుందోనన్న ధ్యాస లేదు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఏడాదిగా మోసిన సిగ్గంతా ఆ రాగంలో వెళ్లిపోయింది, నాకు తెలుస్తూనే ఉంది.

పద్యం అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎక్కడో వెనకనుంచి ఒక గొంతు "వన్స్ మోర్" అంది, ఆ వెంటనే గల్లీ అంతా అందుకుంది. నేను అలవాటు కొద్దీ సింహాసనం వైపు తిరిగాను, మళ్లీ కూర్చుని పడమంటున్నారేమోనని.

పెద్దమ్మ సింహం తల మీద చెయ్యి ఆనించుకుని వెనక్కి వాలింది.

"పద్యమే బిడ్డా, పాడు. నేనేడికి పోత, మంచిగ కూసున్న."