మనోహరం మెచ్చుకోలు

అమెరికాలో, ఇర్వింగ్ ఊళ్ళోని ఆ చిన్న బ్యాంకుకు మనోహరం మేనేజరు. రోజూ తలుపులు తీసే ముందు కళ్ళద్దాలు ముక్కు కొనకు దించి, కౌంటర్ల వెంట నడుస్తూ, గొలుసులకు కట్టిన పెన్నులు సర్దుతూ అందరికీ వంకలు పెడతాడు. ఆ సణుగుడు వినబడితేనే అందరూ నిశ్చింతగా పని మొదలుపెడతారు. టెక్సాస్‌లో బ్యాంకులు వరసగా మూతపడుతున్న ఆ ఏడాది, సిబ్బందిని మెచ్చుకుంటూ నడిపించాలని పైవాళ్ళు ఆయనకు ట్రైనింగ్ ఇచ్చారు. మర్నాడు ఆయన ఒక్కో కౌంటర్ దగ్గరా ఆగి మెచ్చుకుంటూ వచ్చి, క్యాషియర్ దేవకుమారి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "నీ పని చాలా బాగుందమ్మా. నువ్వు లేకపోతే ఈ బ్రాంచే లేదు," అన్నాడు. ఆమె ముఖం పాలిపోయింది. ఇలాంటి మాటలు ఆమె తెలుగు చర్చిలో వీడ్కోలు సభల్లోనే వింది.

మధ్యాహ్నానికి పిల్లల ఫోటో, కాఫీ కప్పు అట్టపెట్టెలో సర్దుకుని ఆయన గదికి వెళ్ళింది.

"లే ఆఫ్ చేస్తుంటే స్ట్రెయిట్‌గా చెప్పండి సార్. మా ఆయన ఇప్పటికే ఖాళీగా ఉన్నారు."

"లే ఆఫా? ఎవరన్నారు?"

"మీరేగా, పొద్దున!"

మనోహరం కళ్ళద్దాలు దించి పెట్టెలోకి చూశాడు. "కప్పు కడక్కుండానే పెట్టావు. ఫోటోకి మరకంటదూ? బుర్రుందా నీకు?"

"థాంక్యూ సార్!" దేవకుమారి గుండెల నిండా గాలి పీల్చుకుని, పెట్టె ఎత్తుకుని కౌంటర్‌కి నడిచింది. గుమ్మం బయట మరో ఇద్దరు తమ పెట్టెలతో నిలబడి ఉన్నారు, తమ వంతు చీవాట్ల కోసం.